నాన్నకు పంపింగ్ 30, దానికి తోడు ఏఎఫ్: అబ్లేషన్ చేయించవచ్చా?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):
మా నాన్నకు 64 ఏళ్లు. ఎకోలో పంపింగ్ (గుండె రక్తాన్ని బయటకు నెట్టే శక్తి) 30 శాతం అని వచ్చింది. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం). యాంజియోగ్రామ్‌లో బ్లాకులేమీ లేవన్నారు. ఒక్క అంతస్తు ఎక్కితే ఆయాసం, సాయంత్రమయ్యేసరికి పాదాల మీద చెప్పు పట్టీ అచ్చు పడిపోతోంది. లయ సరిచేసే అమియోడరోన్, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాం. ఇప్పుడు డాక్టరుగారు అబ్లేషన్ చేద్దామంటున్నారు. "పంపింగే లేని గుండెలో వైర్లు పెట్టి కాలుస్తారా?" అని చుట్టాలు భయపెడుతున్నారు. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:
అమ్మా, నేను క్యాథ్ ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్ లాంటివి చేసే గదిలో) టెక్నీషియన్‌గా చేసినవాణ్ని, డాక్టర్ని కాదు. పంపింగ్ తక్కువగా ఉంది కాబట్టే మీ డాక్టరుగారు ఆ మాట అని ఉంటారు. గుండె వారాల తరబడి ఆగకుండా నిమిషానికి 120, 130 సార్లు కొట్టుకుంటే ఆ అలుపుకే పంపింగ్ పడిపోవచ్చు. బ్లాకులు లేవంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. లయ దారికొస్తే పంపింగ్ కోలుకునే అవకాశం ఉంది.

2018లో వచ్చిన క్యాజిల్-ఏఎఫ్ అధ్యయనంలో అందరికీ పంపింగ్ 35 లేదా అంతకన్నా తక్కువే. మొత్తం 363 మంది. మందులతో సరిపెట్టినవాళ్లలో 25 శాతం చనిపోతే, అబ్లేషన్ చేసినవాళ్లలో 13.4 శాతం. అయితే 2022 నాటి రాఫ్ట్-ఏఎఫ్ అధ్యయనంలో తేడా అంత గట్టిగా తేలలేదు. కాబట్టి గ్యారంటీ అని ఎవరైనా అంటే నమ్మకండి. ఏఎఫ్ తిరగబెట్టి రెండోసారి చేయాల్సినవాళ్లూ ఉంటారు.

చేసే పని ఇదీ: తొడ దగ్గరి సిరలోంచి సన్నని గొట్టాలు ఎడమ పై గదికి పంపి, ఊపిరితిత్తుల సిరలు గుండెలో కలిసే చోట చుట్టూ మచ్చ పడేలా చేస్తారు. పిచ్చి సిగ్నళ్లు ఎక్కువగా పుట్టేది అక్కడే. గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం లాంటి ప్రమాదాలు అరుదే గానీ లేకపోలేదు. ఇలాంటి కేసులు ఏడాదికి ఎన్ని చేస్తారో మొహమాటం లేకుండా అడగండి.

మరో సభ్యుడు:
ముందు థైరాయిడ్ పరీక్ష చేయించండి. అమియోడరోన్ వాడేవాళ్లకు అది అటూ ఇటూ అవుతుంది, పెరిగితే ఏఎఫ్ లొంగదు. ఎకోలో మైట్రల్ వాల్వు సన్నబడిందని రాసి ఉంటే మాత్రం లెక్క మారుతుంది, రక్తం పలచబడే మందు కూడా మారవచ్చు. మా అమ్మకు అందుకే ఎసిట్రోమ్ ఇస్తున్నారు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. వాల్వు బాగానే ఉందని రాశారు. అబ్లేషన్ అయ్యాక ఆ పలచబడే మాత్ర ఆపేయొచ్చా? ఆరోగ్యశ్రీలో వస్తుందా?

జవాబు:
మాత్ర మీ అంతట మీరు ఆపొద్దమ్మా. లయ బాగుపడ్డా కనీసం రెండు మూడు నెలలు వాడిస్తారు. హార్ట్ ఫెయిల్యూర్ (పంపింగ్ చాలక ఆయాసం, వాపు రావడం) ఉన్నవాళ్లకు ఆ తర్వాతా చాలామందికి కొనసాగిస్తారు. మొదటి రెండు మూడు నెలల్లో దడ వస్తే ఫెయిలైందని కంగారు పడకండి, మచ్చ మానే కాలం అది.

అసలు జాగ్రత్త ఇంకొకటి. కొన్ని వారాల తర్వాతైనా జ్వరం, మింగితే నొప్పి, చెయ్యీ కాలూ పడిపోవడం కనిపిస్తే వీధి క్లినిక్‌కు కాదు, నేరుగా అబ్లేషన్ చేసిన ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఎక్కడికెళ్లినా "అబ్లేషన్ అయింది" అని మొదటే చెప్పండి. గుండెకూ అన్నవాహికకూ మధ్య రంధ్రం పడే అవకాశం అతి అరుదుగా ఉంది, అప్పుడు ఎండోస్కోపీ చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఆరోగ్యశ్రీ సంగతి అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర తేల్చుకోండి. రేషన్ కార్డు, ఎకో, ఈసీజీ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.