చర్చ: సూపర్ లీగ్‌ని ఫ్యాన్స్ అంత గట్టిగా ఎందుకు అడ్డుకున్నారు? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి

గచ్చిబౌలి_టచ్‌లైన్
ఈమధ్యే యూరప్ ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. 2021 ఏప్రిల్ 18న 12 క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ ప్రకటించాయి, మనకి అప్పటికే 19 తెల్లవారుజాము. 20 రాత్రికల్లా ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ వెనక్కి తగ్గాయి. పెద్ద జట్లు వారం వారం తలపడితే చూసేవాళ్ళకి పండగే కదా, ఐపీఎల్‌లో కూడా రెలిగేషన్ (అడుగున ముగించిన జట్టు కింది లీగ్‌కి పడిపోవడం) లేదు కదా, మరి ఇంత గొడవ ఎందుకు అంటున్నారు. ఒక్కొక్కరూ తమకి బాగా తెలిసిన ముక్క రాస్తే కొత్తవాళ్ళకి అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

రెడ్స్_రాజమండ్రి
ముందు ఫార్మాట్ చూడాలి, కోపమంతా అందులోనే ఉంది. మొత్తం 20 జట్లు. అందులో 15 శాశ్వతం, మిగతా 5 మాత్రమే ఏటా అర్హత సాధించి రావాలి. పదేసి జట్లతో రెండు గ్రూపులు, ఇంటా బయటా కలిపి ఒక్కో జట్టుకి 18 మ్యాచ్‌లు గ్యారంటీ, అన్నీ వారం మధ్యలో. ప్రతి గ్రూపులో మొదటి ముగ్గురు నేరుగా క్వార్టర్ ఫైనల్‌కి, నాలుగు ఐదు స్థానాలవాళ్ళు ప్లేఆఫ్‌కి. ఫైనల్ మే నెలలో, తటస్థ మైదానంలో.

ఆ 15లో ఒక జట్టు 18కి 18 మ్యాచ్‌లు ఓడినా వచ్చే ఏడాది మళ్ళీ అక్కడే ఉంటుంది. దేశవాళీ లీగ్‌లో పదిహేనో స్థానంలో ముగించినా అక్కడే ఉంటుంది. ఫ్యాన్స్‌కి మండింది ఇక్కడ. రియల్, లివర్‌పూల్ ఎక్కువసార్లు ఆడటం మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

హామర్స్_హనుమకొండ
దీనికి ఆ వారం పాయింట్ల పట్టిక కలిపి చూడండి. ప్రకటన వచ్చిన రోజు ప్రీమియర్ లీగ్‌లో లెస్టర్ మూడు, వెస్ట్‌హామ్ నాలుగు. శాశ్వత సభ్యత్వం తీసుకున్న టోటెన్‌హామ్ ఏడు, ఆర్సెనల్ తొమ్మిది. టోటెన్‌హామ్ చివరిగా లీగ్ గెలిచింది 1961లో. లెస్టర్ 2016లో గెలిచింది. నెల తిరక్కుండా ఎఫ్‌ఏ కప్ కూడా ఎత్తింది. మైదానంలో ముందున్నవాడు గేటు బయట, వెనకున్నవాడు ఎప్పటికీ లోపల. చిన్న క్లబ్ అభిమానికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

గచ్చిబౌలి_టచ్‌లైన్
ఐపీఎల్ పోలిక గురించి కూడా ఎవరైనా చెప్పండి.

డెక్కన్_డిఫెండర్
ఐపీఎల్ మొదటి రోజు నుంచీ ఫ్రాంచైజీల లీగే. కింద నుంచి గెలుచుకుంటూ వచ్చే దారి అంతకుముందు లేదు, అందుకే ఎవరి దారీ మూయలేదు. ఇంగ్లండ్‌లో పై నాలుగు అంచెల్లోనే 92 క్లబ్బులు, వాటి కింద ఇంకా ఎన్నో అంచెలు, అన్నిటినీ కలిపే నిచ్చెన ఒకటే. సూపర్ లీగ్ ఆ నిచ్చెన పై మెట్లు పీకేయాలని చూసింది.

మూసిన లీగ్‌లో ఏం జరుగుతుందో మన హైదరాబాద్ వాళ్ళకి బయట నుంచి ఎవరూ చెప్పక్కర్లేదు. పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో 3-1తో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. 2025లో ఆ ఫ్రాంచైజీని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. ట్రోఫీ తెచ్చిన జట్టు నాలుగేళ్ళు నిండకుండానే ఊరు వదిలిపోయింది. లీగ్‌లో చోటు ఊరిది కాకుండా లైసెన్స్ కొన్నవాడిది అయినప్పుడు, అభిమాని చేతిలో ఏమీ మిగలదు.

ఇటు శ్రీనిధి డెక్కన్‌ని చూడండి. 2022-23లో ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానం, 2023-24లో మళ్ళీ రెండో స్థానం. పైకి వెళ్ళే దారి ఛాంపియన్ ఒక్కరికే తెరిచారు కాబట్టి ఒకసారి పంజాబ్, ఇంకోసారి మహమ్మదన్ వెళ్ళాయి. ఒక్క చోటే అయినా సరే, ఆటతో గెలుచుకునే దారి ఉండటం ముఖ్యం. ఆ దారి కూడా ఐఎస్ఎల్ మొదలైన చాలా ఏళ్ళకి గానీ రాలేదు.

1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఉన్న ఊరు మనది. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ తయారుచేసిన ఆటగాళ్ళు ఆ చోటు ఎవరి దగ్గరా కొనుక్కోలేదు.

కులే_కర్నూలు
డబ్బు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే అందరికన్నా ఎక్కువ ఆశపడింది మా బార్సిలోనానే. వ్యవస్థాపక క్లబ్బులకి 350 కోట్ల యూరోలు ఇస్తామన్నారు, వెనక అప్పు పెట్టేది జేపీ మోర్గాన్ బ్యాంకు. 15తో భాగిస్తే సగటున ఒక్కోదానికి 23 కోట్ల పైమాటే (అందరికీ సమాన వాటా కాదు). కోవిడ్‌తో స్టేడియాలు ఖాళీ, టికెట్ ఆదాయం సున్నా. బార్సిలోనా అప్పు వంద కోట్ల యూరోలు దాటిపోయింది. స్పెయిన్ లీగ్ లా లీగా జీతాల పరిమితి ఎంత కఠినమో అదే ఏడాది ఆగస్టులో మెస్సీ వెళ్ళిపోయినప్పుడు అందరూ చూశారు.

ఒక అపోహ కూడా సరిచేయాలి. "ఫ్యాన్స్‌దే క్లబ్ అయితే ఇలాంటివి జరగవు" అని రాస్తుంటారు. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ రెండూ సభ్యుల క్లబ్బులే, అయినా లీగ్ ఛైర్మన్ ఫ్లోరెంటినో పెరెజ్. సభ్యులు ఓటేసి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఆ తర్వాత ఆయన ఏ సంతకం పెట్టాలన్నా ముందు సభ్యులని అడగాలన్న నియమం లేకపోతే, ఆ ఓటు ఇలాంటి రాత్రి పనికిరాదు.

డార్ట్‌మండ్_ధర్మవరం
జర్మనీలో తేడా అక్కడే వస్తుంది. 50+1 నిబంధన ప్రకారం క్లబ్ ఓట్లలో సగానికి పైన ఒక్క ఓటు సభ్యుల సంఘం చేతిలో ఉండాలి (లెవర్‌కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ లాంటి మినహాయింపులున్నాయి). బాయెర్న్, డార్ట్‌మండ్ రెండూ సూపర్ లీగ్‌కి రామన్నాయి. ఫ్రాన్స్ నుంచి పీఎస్‌జీ కూడా రాలేదు. అందుకే 15 సీట్లలో 12 దగ్గరే ఆగిపోయారు.

నిరసన ఎలా చేయాలో నేర్చుకోవాలంటే 2023-24 బుందెస్‌లీగా చూడండి. ప్రసార ఆదాయంలో 8 శాతం వాటాని ఒక ప్రైవేటు ఈక్విటీ సంస్థకి అమ్మాలని లీగ్ నిర్ణయించింది. ఫ్యాన్స్ ఎవరినీ కొట్టలేదు. స్టాండ్స్‌లోంచి టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు మైదానంలోకి విసిరారు. మైదానం మీదకి రిమోట్ కార్లు పంపారు. ఒక్కో బంతి ఏరే లోపు ఇంకో పది పడేవి, మ్యాచ్ ఆగేది, టీవీ షెడ్యూల్ జారిపోయేది. వాళ్ళు అమ్మబోయే సరుకే ప్రసారం కదా, దెబ్బ సరిగ్గా దానిమీదే పడింది. 2024 ఫిబ్రవరి 21న లీగ్ ఆ ఒప్పందం వదిలేసుకుంది.

బ్లూస్_బెజవాడ
ఇంగ్లండ్‌లోనూ అదే సూత్రం పనిచేసింది. 2021 ఏప్రిల్ 19న తమ మైదానం ఎలండ్ రోడ్‌లో లీడ్స్ ఆటగాళ్ళు వార్మప్‌లో వేసుకున్న టీషర్టుల మీద ఛాంపియన్స్ లీగ్ గుర్తు, దాని పక్కనే "గెలుచుకోండి" అనే మాట. 20న బ్రైటన్ మ్యాచ్‌కి ముందు చెల్సీ మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జి బయట రోడ్డు నిండిపోయి చెల్సీ బస్సు లోపలికి పోలేకపోయింది. పీటర్ చెక్ గుంపులోకి వచ్చి, కాస్త టైమివ్వండని బతిమాలాడు. కప్పులెన్నో తెచ్చిన గోల్‌కీపర్, అయినా ఎవరూ దారి ఇవ్వలేదు. గంటల్లోనే క్లబ్ వెనక్కి తగ్గుతోందన్న వార్త బయటికొచ్చింది.

ఆ తర్వాత మే 2న మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫ్యాన్స్ మైదానంలోకే దిగడంతో లివర్‌పూల్ మ్యాచ్ వాయిదా పడింది. ఆకుపచ్చ, బంగారు రంగు స్కార్ఫులు కనిపించాయి కదా, అవి క్లబ్ పాత పేరు న్యూటన్ హీత్ నాటి రంగులు.

గచ్చిబౌలి_టచ్‌లైన్
మరి శిక్ష ఏం పడింది అన్నా?

బ్లూస్_బెజవాడ
చాలా తక్కువ. ప్రీమియర్ లీగ్‌కి ఆరు క్లబ్బులూ కలిపి 2.2 కోట్ల పౌండ్లు కట్టాయి, తలా 37 లక్షల లోపే. యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే యుయెఫాతో రాజీపడ్డ తొమ్మిది క్లబ్బులు కలిపి 1.5 కోట్ల యూరోలు, దానితోపాటు ఒక సీజన్ యూరప్ ఆదాయంలో 5 శాతం కోత. అసలు భయం రెండోసారికి పెట్టారు: మళ్ళీ ఇదే పని చేస్తే ఇంగ్లిష్ క్లబ్ ఒక్కోదానికి 2.5 కోట్ల పౌండ్ల జరిమానా, 30 పాయింట్ల కోత. డబ్బు యజమాని కట్టేస్తాడు, 30 పాయింట్లు పోతే మాత్రం క్లబ్ రెలిగేషన్ పోరులో పడుతుంది.

ఫ్యాన్స్‌కి దక్కినవి కూడా ఉన్నాయి. 2021లో చెల్సీ తన బోర్డు సమావేశాల్లో ముగ్గురు అభిమానుల ప్రతినిధులకి చోటిచ్చింది, ఓటు లేకపోయినా. లివర్‌పూల్ సపోర్టర్స్ బోర్డుని క్లబ్ నియమావళిలోనే రాసుకుంది. 2025లో చట్టం వచ్చి, పై ఐదు అంచెల క్లబ్బుల మీద స్వతంత్ర రెగ్యులేటర్‌ని పెట్టారు. నిషేధించిన పోటీల్లో చేరకూడదన్నది ఆ చట్టంలో భాగం.

విశాఖ_వింగర్
"2023లో యూరప్ కోర్టు సూపర్ లీగ్ సరైనదేనంది" అని ఇప్పటికీ షేర్ చేస్తున్నారు, అది తప్పు. డిసెంబర్ 21 తీర్పు చెప్పింది వేరు: కొత్త పోటీకి అనుమతి ఇవ్వడానికి యుయెఫా, ఫిఫా దగ్గర పారదర్శకమైన ప్రమాణాలు లేవు, అలా ఇష్టమొచ్చినట్టు ఆపడం ఆధిపత్య దుర్వినియోగం. ఈ లీగ్‌ని తప్పనిసరిగా అనుమతించాలని మాత్రం కోర్టు అనలేదు.

అదే రోజు సూపర్ లీగ్ వెనకున్న ఏ22 సంస్థ కొత్త నమూనా తెచ్చింది: 64 జట్లు, స్టార్, గోల్డ్, బ్లూ అని మూడు అంచెలు, శాశ్వత సభ్యులు లేరు. వినడానికి బాగుంది. కానీ దేశవాళీ ఛాంపియన్ వచ్చి చేరేది అడుగున ఉన్న బ్లూలోనే. అక్కడ నుంచి గోల్డ్‌కి, గోల్డ్ నుంచి స్టార్‌కి వెళ్ళాలి. ఈ ఏడాది లీగ్ గెలిచిన జట్టు పై అంచెలో ఆడేసరికి మంచి ఆటగాళ్ళు అమ్ముడుపోయి ఉంటారు. 2024 డిసెంబర్‌లో యూనిఫై లీగ్ అని పేరు మార్చి, 96 జట్లతో, అర్హతని ఏటా దేశవాళీ స్థానాలతో ముడిపెట్టారు. అంటే ఫ్యాన్స్ పట్టుబట్టిన చోటికే రావాల్సి వచ్చింది.

హామర్స్_హనుమకొండ
యుయెఫాని కూడా వదలొద్దు. 1998లో ఇలాంటి ప్రతిపాదనే వస్తే, పెద్ద క్లబ్బులని బుజ్జగించడానికి 1999లో ఛాంపియన్స్ లీగ్‌ని 32 జట్లకి పెంచారు. 2021లో 36 జట్ల ఫార్మాట్‌కి ఆమోదం ఇచ్చింది సూపర్ లీగ్ ప్రకటన మర్నాడే. అప్పుడు ఒక్కో జట్టుకి పది మ్యాచ్‌లు అనుకున్నారు. పాత రికార్డు చూసి రెండు జట్లకి చోటిచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. అభ్యంతరాలు వచ్చాక 2022 మేలో పదిని ఎనిమిది చేశారు, పాత రికార్డు సీట్లు తీసేశారు. అయినా మొత్తం మ్యాచ్‌లు 125 నుంచి 189కి చేరాయి.

రెడ్స్_రాజమండ్రి
ఆ పాత రికార్డు సీట్లు ఇంకోపేరుతో మళ్ళీ రావచ్చు. కొత్త ప్రతిపాదన ఏదొచ్చినా నేను ముందు వెతికేది ఆ పేరానే: గత సీజన్ స్థానం కాకుండా ఇంకే కారణంతోనైనా ఎవరికైనా చోటు ఉందా అని. ప్రెస్ నోట్లో అది సాధారణంగా ప్రైజ్ మనీ వివరాల కిందెక్కడో ఉంటుంది.