పసిపిల్లలకి వేరే పార్కు ముందా, అంగన్‌వాడీకి వెళ్లే దారి ముందా?

కాకినాడ తల్లి:
మూడేళ్ల బిడ్డ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూసి ఊళ్లు కట్టమంటుంది, పసిపిల్లల కోసం పనిచేసే వాన్ లీర్ ఫౌండేషన్ వారి 'అర్బన్95' కార్యక్రమం. ఇదే ఆలోచనతో కేంద్రం పెట్టిన 'నర్చరింగ్ నైబర్‌హుడ్స్ ఛాలెంజ్' అనే నగరాల పోటీకి 2021లో ఎంపికైన 25 నగరాల్లో కాకినాడ, వరంగల్, హైదరాబాద్ ఉన్నాయి. నేనైతే వార్డుకో పసిపిల్లల పార్కు కావాలంటాను. పెద్దపిల్లలు క్రికెట్ ఆడేచోట రెండేళ్లదాన్ని కిందకి దింపగలమా? ఉన్న ఒక్క ఇనుప జారుడుబల్లా నాలుగింటికి కూడా కాలిపోతూ ఉంటుంది. నీడలో కాస్త ఇసుక, పక్కన మేం కూర్చోడానికి అరుగు, అంతే అడుగుతున్నది.

రిటైర్డ్ ఇంజనీరు:
అమ్మా, మునిసిపాలిటీ డబ్బు నీళ్లకి, డ్రైనేజీకే చాలడం లేదు. అయినా ఆ వయసు పిల్లలు ఒంటరిగా తిరగరు కదా, పెద్దవాళ్లు ఎత్తుకునే వెళ్తారు.

వరంగల్ వాసి:
ఎత్తుకునేది ఎవరు సార్? మా గల్లీల అయితే అమ్మమ్మలు, మళ్లా కడుపుతోని ఉన్న తల్లులు. చంకల పిల్ల, చేతుల సంచి, కాళ్ల కింద మూత లేని మోరీ. ఆ మోరీ మీద బండ పరిస్తే అది మీరు చెప్పిన డ్రైనేజీ పైసలతోనే అయితది, పిల్లల పేరు మీద వేరే బడ్జెట్ అక్కర లేదు.

అక్కా, నేను పార్కు వద్దంటలేను. పార్కుకు ఆదివారం పోతం, అంగన్‌వాడీకి దినాం పోతం. ఫుట్‌పాత్ అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటొద్దని రోడ్లకు కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్తది. 95 సెంటీమీటర్ల పిల్లకు అది కూడా మనం పది అంగుళాల మెట్టు ఎక్కినట్టే. ఆటో పొగ గొట్టం మనకు కాళ్ల కాడ, పిల్లకు మొఖానికి దగ్గర. ముందు తొవ్వ సక్కగ చేయాలె.

టీకాలు ఏసే కాడ గోడల మీద రాతలు కూడా చూడుండ్రి. టీకా ఏసినంక అరగంట కూసోమంటరు. ఆ అరగంట తల్లి ముందు ఉండేది అక్షరాలు కిక్కిరిసిన బోర్డు, అది కూడా పెద్దోళ్ల తలకంటె పైన. దాని బదులు బెంచీ ఎత్తుల కాకి, పిల్లి, బర్రె బొమ్మలు గీసి "ఇదేందో పాపను అడుగుండ్రి, చెప్పేదాక ఆగుండ్రి" అని పెద్ద అక్షరాలతోని రాస్తే, చదువు రాని అమ్మమ్మ కూడా బొమ్మ చూసి ముచ్చట పెడ్తది. అందుకు ఖర్చయ్యేది డబ్బెడు రంగు.

రిటైర్డ్ ఇంజనీరు:
మూతల మాట సబబే. కానీ పూడిక తీయడానికి వీలుగా ఎత్తగలిగే పలకలు వేయాలి. ఒక్కటిగా పోత పోసేస్తే మొదటి వానకే నీళ్లు రోడ్డెక్కుతాయి.

కాకినాడ తల్లి:
దారి ముందన్నది ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ పార్కు రెండో విడతలో అన్నారంటే అది ఎప్పటికీ రాదు. అంగన్‌వాడీ దారిలోనే, ఏ చెట్టు కిందో ఆ ఇసుక, అరుగు ఇప్పుడే అడుగుదాం. రెండూ ఒకే అర్జీలో పెట్టాలి.