రెండో డబుల్స్ ఓడిన కుర్రాళ్ళనే ఎందుకు తిడతాం?

కోనసీమ అక్క:

అందరికీ నమస్కారం. ఐదు మ్యాచ్‌ల్లో మూడు సింగిల్స్, రెండు డబుల్స్ ఉండే బ్యాడ్మింటన్ టీమ్ టోర్నమెంట్లలో ఇండియా ఓడిన ప్రతిసారీ మనవాళ్ళ కోపం మూడో సింగిల్స్ ఆడినవాడి మీదో, రెండో డబుల్స్ జోడీ మీదో ఎందుకు పడుతుంది? మొదటి సింగిల్స్ వాడు ఓడితే "పాపం, ఈ రోజు వాడిది కాదు" అంటాం. చివర్లో దిగినవాడు ఓడితే మాత్రం "వీణ్ణి ఎవడు సెలెక్ట్ చేశాడు" అంటాం.

2023 అక్టోబర్ 1, ఆదివారం. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పురుషుల టీమ్ ఫైనల్, ఎదురుగా చైనా, అదీ వాళ్ళ గడ్డ మీద. మాది అమలాపురం. సాత్విక్ మా ఊరి కుర్రాడు కాబట్టి మ్యాచ్ ఉందంటే మా ఇంట్లో పండగే. లక్ష్య సేన్ షీ యూచీని మూడు గేముల్లో ఓడించాడు. మన మొదటి డబుల్స్ జోడీ సాత్విక్, చిరాగ్ రెండు గేముల్లోనే పని ముగించారు. 2-0. ఇంకొక్కటి గెలిస్తే స్వర్ణం. శ్రీకాంత్ తొలి గేమ్ 22-24తో పోగొట్టుకున్నాక రెండోది నిలవలేదు. తర్వాత రెండో డబుల్స్ జోడీ ధ్రువ్ కపిల, సాయి ప్రతీక్ ఓడారు. ప్రణయ్‌కి వెన్ను పట్టేయడంతో అతని బదులు మిథున్ మంజునాథ్ ఆఖరి మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. 2-3.

అప్పటిదాకా ఈలలు వేసిన మా చుట్టాల గ్రూపులో పది నిమిషాల్లో వచ్చిన మెసేజ్‌లు ఇక్కడ రాయలేను. మిథున్ పేరు అంతకుముందు వినని వాళ్ళు కూడా అతని కెరీర్ మీద తీర్పు చెప్పేశారు. మా బావగారైతే "ఆ డబుల్స్ వాళ్ళని బస్సెక్కించి పంపేయాలి" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో పురుషుల జట్టుకి 1986 తర్వాత వచ్చిన మొదటి పతకం అది. రజతం రావడం చరిత్రలోనే మొదటిసారి. ఆ మాట గ్రూపులో ఒక్కరూ అనలేదు.

నాకు ఇంత బాధ ఎందుకంటే, మా తమ్ముడు అంతర్ జిల్లా పోటీల్లో రెండో డబుల్స్ ఆడేవాడు. ఒకసారి 2-2 దగ్గర వీళ్ళ మ్యాచే ఆఖరిది. మూడో గేమ్ 19-21తో పోయింది. తిరుగు రైల్లో జట్టులో ఎవరూ వాడితో మాట్లాడలేదట. ఇంటికొచ్చి రాకెట్ సంచి మంచం కిందకి తోసేశాడు. అమ్మ అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే తల తిప్పేసుకున్నాడు. పదహారేళ్ళ పిల్లాడు.

మీ ఊళ్ళో, మీరుండే దేశాల్లో అభిమానులు ఎలా ఉంటారో తెలుసుకోవాలని ఉంది.

నెట్ దగ్గర నాయుడు:

అక్కా, మీ ప్రశ్నకి సగం జవాబు పురుషుల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్ 2022లోనే ఉంది. ఆ కప్పు అనగానే మనకి గుర్తొచ్చేది మే 15న బ్యాంకాక్‌లో ఇండోనేషియా మీద 3-0. 14 సార్లు కప్పు గెలిచిన జట్టది. కానీ అంతకుముందు పోటీలు గుర్తు తెచ్చుకోండి. క్వార్టర్స్‌లో మలేషియా మీద 3-2, సెమీస్‌లో డెన్మార్క్ మీద 3-2. ఆ రెండు చోట్లా రెండో డబుల్స్ ఆడింది మన తెలుగు కుర్రాళ్ళు, గారగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్. రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారు. వాళ్ళని ఎవరన్నా తిట్టారా? లేదు. ఐదో మ్యాచ్‌లో ప్రణయ్ ఉన్నాడు కాబట్టి. డెన్మార్క్ ఆటగాడు గెమ్కేతో ఆడుతూ కాలు జారి, చీలమండ నొప్పితోనే తొలి గేమ్ 13-21తో పోగొట్టుకుని, తర్వాత 21-9, 21-12తో గెలిచాడు. ఆ గెలుపులో ముందు ఓడినవాళ్ళందరినీ మర్చిపోయాం.

హాంగ్‌జౌలో ఆఖరి మ్యాచ్‌కి ప్రణయ్ లేడు. తేడా అంతే. రెండో డబుల్స్ ఫలితం రెండు చోట్లా ఒకటే, మన నోరే మారింది.

ఇంకో సంగతి. థామస్ కప్ లాంటి పోటీల్లో సింగిల్స్ వాళ్ళని ర్యాంకు వరసలోనే దింపాలి. మొదటి ర్యాంకు వాడిని దాచి మూడో మ్యాచ్‌కి పెట్టుకోవడం కుదరదు. డబుల్స్ జోడీలదీ అదే వరస. కాబట్టి మనకి మొదటి జోడీ ప్రపంచ స్థాయిదై రెండోది ఇంకా ఎదుగుతుంటే, ఆ ఎదిగే పిల్లలు వెళ్ళి చైనా రెండో జోడీ మీద పడతారు. చైనా రెండో జోడీ అంటే హాంగ్‌జౌలో లియూ యూచెన్, ఓ షువాన్‌యీ. చాలా దేశాల్లో వాళ్ళే మొదటి జోడీ అవుతారు. ఆడా మగా కలిసి ఒకే జట్టుగా ఆడే సుదిర్మన్ కప్‌లో మనకి ఇంతవరకూ పతకం లేకపోవడానికి కారణం కూడా ఇదే. అందులో ఐదు మ్యాచ్‌ల్లో మూడు డబుల్స్. తప్పు కుర్రాళ్ళది కాదు, డబుల్స్ కోచింగ్ మీద మనం ఆలస్యంగా కళ్ళు తెరవడంలో ఉంది.

సింగిల్స్ ప్రియుడు:

నేను వేరేలా అంటాను. ఇండియా జెర్సీ వేసుకున్నాక విమర్శ పడాల్సిందే. క్రికెటర్లని అనమా? ఫైనల్లో మిథున్ రెండో గేమ్‌లో నాలుగు పాయింట్లు చేశాడు. అది చూసి చప్పట్లు కొట్టమంటారా?

కోనసీమ అక్క:

ఆట గురించి అనండి, తప్పకుండా అనండి. "నెట్ దగ్గరకి రావడం లేదు, లిఫ్ట్‌లు పొట్టిగా పడుతున్నాయి" అనండి, నేనూ అంటాను. బస్సెక్కించి పంపేయాలనడం విమర్శ కాదండీ. పైగా మిథున్ బెంచీ మీద నుంచి నేరుగా స్వర్ణ పతక మ్యాచ్‌లోకి దిగాడు. హాలంతా చైనా అరుపులే. ముందు రోజు సెమీస్‌లో కొరియాతో 2-2 దగ్గర శ్రీకాంత్ తొలి గేమ్ పోగొట్టుకుని కూడా గెలిపించకపోతే అసలు ఈ ఫైనలే లేదు. మర్నాడు అదే శ్రీకాంత్‌ని "అయిపోయాడు, రిటైరవ్వాలి" అన్నారు. ఒక్క రాత్రిలో ఎలా అయిపోతాడు?

సిరిఫోర్ట్ మావయ్య:

అమ్మాయ్, 2014లో ఉద్యోగరీత్యా ఢిల్లీలో ఉన్నాను. అక్కడి సిరిఫోర్ట్ స్టేడియంలో ఉబర్ కప్, అంటే అమ్మాయిల జట్ల పోటీ జరిగింది, సెమీఫైనల్ చూశాను. మనకి జపాన్. సైనా గెలిచింది, సింధు గెలిచింది, 2-0. నా పక్క సీట్లో ఒక సర్దార్జీ, నేను పేర్లు కూడా చెప్పుకోకుండానే చేతులు పట్టుకున్నాం. తర్వాత మొదటి డబుల్స్‌లో జ్వాల, అశ్విని ఓడారు. మూడో సింగిల్స్‌లో తులసి ఓడింది. ఆఖరి డబుల్స్‌కి సైనా, సింధు కలిసి దిగారు. ఇద్దరూ సింగిల్స్ ఆడి ఒళ్ళు అలిసి ఉన్నవాళ్ళే. అదీ పోయింది. మీరు చెప్పిన హాంగ్‌జౌ కథే, తొమ్మిదేళ్ళ ముందు.

కానీ హాల్లో ఎవరూ బూతులు తిట్టలేదు. ఆఖరి డబుల్స్ ఓడింది సైనా, సింధు మరి! అదే ఇంకో ఇద్దరు అమ్మాయిలైతే ఆ చప్పట్లు వినపడేవా అని నాకు అప్పుడే అనిపించింది. పేరున్నవాళ్ళు ఓడితే జాలి, పేరులేనివాళ్ళు ఓడితే కోపం. అది ఉబర్ కప్‌లో మన అమ్మాయిలకి మొదటి పతకం. ఇప్పటికీ ఆ టికెట్ ముక్క నా బీరువాలో ఉంది.

పేరులేనివాళ్ళు గెలిస్తే ఎలా ఉంటుందో కూడా చూశాం కదా. 2024 ఫిబ్రవరిలో మలేషియాలోని షా ఆలంలో ఆసియా టీమ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, థాయ్‌లాండ్ మీద 2-2. పదిహేడేళ్ళ అన్మోల్ ఖర్బ్‌ని పంపారు. ర్యాంకు నాలుగు వందల పైమాట. 21-14, 21-9. మా ఆవిడ కూర మాడుతున్నా కదల్లేదు. ఆ పిల్ల ఓడి ఉంటే మీ బావగారి మెసేజ్ ఎలా ఉండేదో ఊహించుకోండి.

జకార్తా రాజు:

నేను జకార్తాలో ఉంటాను, ఇస్తోరా సెనాయన్‌లో ఇండోనేషియా ఓపెన్ చూశాను. వాళ్ళ ఆటగాడు కొట్టిన ప్రతి షాట్‌కీ హాలంతా "ఈయా!" అంటుంది. అవతలివాడు కొడితే "హూ". ర్యాలీ సాగితే ఈయా, హూ, ఈయా, హూ. సిమెంటు మెట్లు అరికాళ్ళ కింద అదురుతాయి. పాయింటు పాయింటుకీ మధ్య "ఇన్-దో-నే-సియా" అని, వెంటనే ఐదు చప్పట్లు. ఆఫీసులో టీ ఇచ్చే ఆవిడ కూడా వాళ్ళ డబుల్స్ ఆటగాడు ఫజార్ సర్వీస్ గురించి మాట్లాడుతుంది.

ఆ ప్రేమకి రెండో వైపు మీరు చెప్పినట్టే ఉంటుంది. 2022లో మన చేతిలో ఓడిన మర్నాడు మా ఆఫీసు చావు ఇల్లులా ఉంది. నాకు అభినందనలు చెప్పి, వెంటనే వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నారు. డబుల్స్‌లో కెవిన్‌తో ఎప్పుడూ ఆడే గిడియాన్ గాయంతో లేడు కాబట్టి అహ్సాన్‌ని కెవిన్‌తో జతకట్టి దింపారు. మన సాత్విక్, చిరాగ్ వాళ్ళ మీద మ్యాచ్ పాయింట్లు కాచుకుని 18-21, 23-21, 21-19తో బయటపడ్డారు. "అలవాటున్న జోడీని ఎందుకు ఆడించలేదు" అన్నదే వాళ్ళ గొడవంతా. ఆటగాళ్ళ పేజీల కింద రాసినవి మాత్రం చదవలేం. కానీ ఒకటి గమనించాను. అక్కడ హాలుకి వెళ్ళి చూసేవాళ్ళు అంతగా తిట్టరు. ఓడిన జోడీ సంచులు సర్దుకుంటుంటే కూడా పేరు పెట్టి పిలుస్తారు. ఫోన్లో స్కోరు మాత్రమే చూసేవాళ్ళే ఎక్కువ తిడతారు.

కోనసీమ అక్క:

రాజు గారూ, మీ ఆఖరి మాట నాకు బాగా పనికొచ్చింది. మా గ్రూపులో తిట్టినవాళ్ళెవరూ ధ్రువ్, సాయి ప్రతీక్ ఆడగా ఒక్క పూర్తి మ్యాచ్ చూసినవాళ్ళు కాదు. మావయ్య గారూ, బావగారికి మీ జవాబు పంపాను. ఇంకా చదవలేదు.

ఇంకో ప్రశ్న. రెండో జోడీలుగా ఎదుగుతున్న పిల్లల ఆట మనలాంటి వాళ్ళం ఎక్కడ చూడాలి? తమ్ముణ్ణి తీసుకెళ్దామని ఉంది. వాడు ఇప్పుడు కాకినాడలో పిల్లలకి డబుల్స్ నేర్పిస్తున్నాడు.

నెట్ దగ్గర నాయుడు:

ఏడాది చివర్లో మన దేశంలోనే వరసగా ఉంటాయి అక్కా. లక్నోలో సయ్యద్ మోదీ, గువాహటి మాస్టర్స్, కటక్‌లో ఒడిశా మాస్టర్స్. మీకు కటక్ దగ్గర. మొదటి రెండు రోజులు వెళ్ళండి, జనం తక్కువ, కోర్టుకి దగ్గరగా కూర్చోవచ్చు. పొద్దున డబుల్స్ మ్యాచ్‌ల్లో రెండో కోర్టు, మూడో కోర్టు చూడండి. మీరు వెతికే పిల్లలు అక్కడే ఆడుతుంటారు. తమ్ముణ్ణి సర్వీస్ రిసీవ్ చేసేవాడి వెనక వైపు కూర్చోమనండి, జోడీ ఎలా కదులుతోందో అక్కణ్ణించే బాగా తెలుస్తుంది. డ్రా, అంటే ఎవరితో ఎవరు ఆడతారన్న పట్టిక, వచ్చాక ఇక్కడ పెడతాను.