దీర్ఘచతురస్రం లెక్కలో వెడల్పు మైనస్ వస్తోంది, ఎందుకు?

సున్నాచుట్టినోడు:
పరీక్షకి చదువుతూ ఈ లెక్క దగ్గర ఆగిపోయా. "దీర్ఘచతురస్రం పొడవు దాని వెడల్పుకి రెట్టింపు కంటే 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 65 చదరపు మీటర్లు, కొలతలు కనుక్కోండి." వెడల్పు 'వ' అనుకుంటే పొడవు 2వ + 3, కాబట్టి వ(2వ + 3) = 65, అంటే 2వ² + 3వ − 65 = 0. మధ్య పదాన్ని 13వ − 10వ అని విడగొడితే (వ − 5)(2వ + 13) = 0 అయింది. వ = 5 లేదా −6.5. కీలో "ఋణాత్మకం కాబట్టి వదిలేయాలి" అని ఒక్క లైను రాసి ఊరుకున్నారు. వదిలేద్దాం సరే, అసలు అదెందుకొచ్చినట్టు? సమీకరణమే తప్పు రాశానా?

అంకెలగారడి:
సమీకరణం తప్పేం లేదండి. −6.5 తీసుకెళ్ళి పొడవులో పెట్టండి, 2 × (−6.5) + 3 = −10 వస్తుంది. ఇప్పుడు (−6.5) × (−10) ఎంత? సరిగ్గా 65! మీరు సమీకరణంలో చెప్పింది రెండే ముక్కలు: ఒక సంఖ్య ఇంకోదాని రెట్టింపు కంటే 3 ఎక్కువ, రెండింటి లబ్ధం 65. అవి భుజాల కొలతలని, సున్నా కంటే పెద్దవై ఉండాలని మనసులో అనుకున్నారు గానీ ఎక్కడా రాయలేదు. వ > 0 అని మొదట్లోనే రాసేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. జవాబు వెడల్పు 5, పొడవు 13. అన్నట్టు, చాలామంది ఆ మొదటి వాక్యాన్ని 2(వ + 3) అని రాసేసి అక్కడే మునుగుతారు, మీరు అది దాటేశారు.

పాతపలక:
నిజమే కానీ, రెండు జవాబులొస్తే ఒకటి కొట్టేయడమే అని మాత్రం ఫిక్సయిపోకండి. ఇదే ఆకారాన్ని చుట్టుకొలత 36, వైశాల్యం 65 అని ఇస్తే వ² − 18వ + 65 = 0 వస్తుంది, మూలాలు 5, 13. రెండూ పనికొచ్చేవే, ఒకటి వెడల్పయితే మిగిలింది పొడవు.

ఇలాంటివాటికి నేనైతే సూత్రం జోలికే వెళ్ళను. పొడవు, వెడల్పుల మొత్తం 18, సగటు 9, కాబట్టి ఒకటి 9 + త, ఇంకోటి 9 − త. లబ్ధం 81 − త² = 65, త² = 16, త = 4, అయిపోయింది. క్రీ.పూ. 1800 ప్రాంతంలో బాబిలోనియా వాళ్ళు మట్టి పలకల మీద చేసింది ఈ పద్ధతే, అదీ మన అక్షరాల గొడవేం లేకుండా, ఉత్త మాటల్లో.

సున్నాచుట్టినోడు:
ఇదేదో బాగుందండి. మరి చుట్టుకొలత అదే ఉంచి వైశాల్యం 90 అంటే? త² = −9 వస్తోంది. మళ్ళీ మైనస్!

పాతపలక:
అలాంటి దీర్ఘచతురస్రమే లేదని అర్థం. 81లోంచి త² తీసేస్తున్నాం కదా, ఇక 81 దాటేదెలా? ఆ 81 కూడా త = 0 అయితేనే, అంటే నాలుగు భుజాలూ 9 ఉన్న చతురస్రానికే వస్తుంది.

అంకెలగారడి:
పరీక్షలో అయితే వ² − 18వ + 90 = 0 కి విచక్షణి (వాస్తవ మూలాలున్నాయో లేదో చెప్పే b² − 4ac) చూపించండి: 18² − 4 × 90 = 324 − 360 = −36, కాబట్టి వాస్తవ మూలాలు లేవు. ఆ లైను రాయకుండా ఊరికే "సాధ్యం కాదు" అంటే మార్కులు పడవు.