మానారా, మారారా, మాన్పించారా? ‘డ్రాపౌట్’ అనే మాట గురించి ఒక చర్చ

సభ్యులందరికీ నమస్కారం. ఒక మాట విషయంలో మీ అభిప్రాయం కోరుతున్నాను. సందర్భం చెప్పకపోతే ప్రశ్న అర్థం కాదు కనుక కొంచెం ఓపికగా చదవవలసిందిగా మనవి.

మా మేనకోడలు కన్సల్టింగ్ సంస్థల ఇంటర్వ్యూలకు సిద్ధమవుతోంది. ఆ ఇంటర్వ్యూల్లో ‘కేసు’ అనే భాగం ఒకటి ఉంటుంది. ఒక కంపెనీకో ప్రభుత్వ శాఖకో వచ్చిన చిక్కును ముందు పెట్టి, అభ్యర్థి దాన్ని ఎలా విడదీస్తుందో, ఏ లెక్కలు అడుగుతుందో, చివరికి ఏం చేయమంటుందో అరగంటలో చూస్తారు. నేను కొన్నేళ్లు ఆ రంగంలో పనిచేశాను కనుక ఆదివారాలు నల్లకుంటలోని మా ఇంట్లో ఆమె చేత సాధన చేయిస్తున్నాను. వ్యాపార సంస్థ కేసయితే రాబడి, ఖర్చు, లాభం అని మొదలుపెట్టడానికి ఒక దారి ఉంటుంది. ప్రభుత్వ విద్య మీద ఇచ్చే కేసులో లాభమనే కొలత ఉండదు కనుక, దేన్ని కొలుస్తున్నామో చెప్పే మాట దగ్గరే సగం పని జరుగుతుంది.

మొన్న నేనిచ్చిన కేసు ఇది. ఒక జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతిలో 100 మంది ఉంటే, రెండేళ్ల తర్వాత పదో తరగతిలో 78 మందే కనిపిస్తున్నారు. కారణమేమిటో కనిపెట్టి, విద్యాశాఖకు సలహా ఇవ్వాలి. అంకెలు సాధన కోసం నేను అనుకున్నవే. ఆమె కాగితం మీద ‘డ్రాపౌట్ 22’ అని రాసి, చుట్టూ సున్నా చుట్టి, దాని కింద పేదరికం, ఆసక్తి లేకపోవడం, బడి దూరం అని మూడు గీతలు గీసింది. ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే జరిగినా, ఒకసారి తెలుగులో చెప్పించడం నా అలవాటు. కంఠతా వచ్చిన మాట వెనక ఆలోచన ఉందో లేదో అప్పుడు బయటపడుతుంది. “ఇరవై రెండు మంది బడి మానేశారు” అని చెప్పింది.

పక్కనే చాట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తున్న మా అమ్మ తలెత్తకుండానే, “మానిన్రా, మాన్పించిన్రా?” అని అడిగింది.

“రెండూ ఒకటే కదా అమ్మమ్మా” అంది పిల్ల.

“ఒకటెట్ల అయితదే? నేను మానలే. మా తమ్ముణ్ణి ఎత్తుకునేందుకు నన్ను అయిదుల మాన్పించిన్రు” అని చెప్పి, అమ్మ మళ్లీ గింజల పనిలో పడింది. ఆ తర్వాత కొంతసేపు మేమిద్దరం ఏమీ మాట్లాడలేకపోయాము.

మాను అనే క్రియకు మాన్పు, మాన్పించు అనే ప్రేరణ రూపాలున్నాయని నాకు వ్యాకరణంగా తెలుసు. అయితే ఆ తేడా 22 అనే అంకెను అడ్డంగా చీలుస్తుందని ఆ రోజే తోచింది. ‘డ్రాపౌట్’ అన్నప్పుడు పిల్లవాడు తనంతట తాను రాలిపోయినట్టు ఉంటుంది, ఎవరు చేశారన్న ప్రశ్నకు అందులో చోటే లేదు. ‘మానేశాడు’ అన్నా కర్త పిల్లవాడే. ‘మాన్పించారు’ అన్న వెంటనే ఎవరు, ఎందుకు అని అడగక తప్పదు. మరొకటి కూడా గమనించాము. మానడానికీ మారడానికీ ఒక్క అక్షరమే తేడా. గురుకులానికో, ప్రైవేటు బడికో, వేరే ఊరికో వెళ్లిపోయిన పిల్ల బడి మారింది తప్ప చదువు మానలేదు, కానీ పాత బడి పదో తరగతిలో తలలు లెక్కపెట్టేవారికి ఇద్దరూ ఒకే రకంగా తగ్గుతారు.

నా ప్రశ్న ఇది: పత్రికలు, ప్రభుత్వ పత్రాలు వాడే ‘మధ్యలో బడి మానేసిన పిల్లలు’ అనే మాట సరైనదేనా? కాకపోతే మనం ఏమనాలి?

స్పందన: ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు

మీ అమ్మగారికి నా నమస్కారాలు తెలియజేయండి. హాజరు పట్టీ రోజూ చేతిలో ఉండే మనిషిగా కొన్ని మాటలు చేరుస్తాను. మాకు పిల్లలు ఒక్క రోజులో బడి మానరు. మొదట నాగాలు మొదలవుతాయి. దసరా సెలవుల తర్వాత పత్తి ఏరే రోజుల్లో వారానికి రెండు నాగాలు, తర్వాత నాలుగు, సంక్రాంతికి వచ్చేసరికి ఆ పిల్ల పేరు పిలిస్తే తోటి పిల్లలే “వస్తలేదు మేడమ్” అని జవాబు చెబుతారు. ఎగ్గొట్టడం వేరు, అది పిల్లల సరదా. నాగా వేరు, దాని వెనక ఎప్పుడూ ఇంటి పనో కూలి పనో ఉంటుంది. ఈ రెంటినీ ‘గైర్హాజరు’ అనే ఒక్క మాట కింద కలిపేస్తే, ఇంటికి వెళ్లి మాట్లాడవలసిన రోజు దాటిపోతుంది.

మారడం గురించి మీరు రాసినది చాలా ముఖ్యమైన విషయం. టీసీ (బదిలీ ధ్రువపత్రం) తీసుకుని వెళ్లిన పిల్ల సాధారణంగా మారినట్టే. ఇటుక బట్టీలకు వలస వెళ్లే కుటుంబాలు టీసీ అడగకుండానే రాత్రికి రాత్రి బండెక్కుతాయి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకపోవడం కుదరదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నా, ఆ సంగతి ఆ తల్లిదండ్రులకు ఎవరు చెప్పాలి? దేశంలోని బడుల వివరాలు సేకరించే కేంద్ర విద్యాశాఖ వ్యవస్థ యూడైస్ ప్లస్ లెక్కల్లో డ్రాపౌట్ అంటే ఒక ఏడాది ఒక తరగతిలో నమోదై, మరుసటి ఏడాది ఏ తరగతిలోనూ నమోదు కాని విద్యార్థి. 2022-23 నుంచి ఒక్కొక్క విద్యార్థి వివరం విడిగా నమోదు చేస్తున్నందువల్ల, మారినవారిని మానినవారి నుంచి వేరు చేయడానికి వీలు పెరిగింది. అంతకుముందు బడి మొత్తం అంకెలే పైకి వెళ్లేవి.

ఇంకొక మాట. మీ మేనకోడలు ఎనిమిదికీ పదికీ మధ్య ఉన్న తగ్గుదలనే ఎందుకు ఇచ్చారని ఇంటర్వ్యూలో తనను తాను అడుగుకోవాలి. చట్టం హామీ ఇచ్చేది 6 నుంచి 14 ఏళ్ల వారికి, ఎనిమిదో తరగతి వరకు. తొమ్మిదిలో అడుగుపెట్టిన పిల్లకు ఆ హక్కు అండ అక్కడితో ఆగిపోతుంది.

స్పందన: భాషాశాస్త్ర విద్యార్థి

‘మానేశారు’ అనేది మాని, వేయు కలిసిన రూపం. వేయు అనే సహాయక క్రియ పని పూర్తయిందని, చేసినవాడే చేశాడని సూచిస్తుంది: తినేశాడు, రాసేశాడు. పో చేరితే మన ఇష్టంతో పని లేకుండా జరిగినట్టు ఉంటుంది: జారిపోయింది, ఆగిపోయింది. అందుకే మన ఇళ్లలో పెద్దలు తమ గురించి చెప్పుకునేటప్పుడు “పదితో చదువు ఆగిపోయింది” అంటారు, ఎదుటివాడి పిల్లవాడి గురించి చెప్పేటప్పుడు “మానేశాడు”, “చదువు ఎక్కలేదు”, “అబ్బలేదు” అంటారు. ఈ తేడా నన్ను చాలాకాలంగా బాధపెడుతున్నది.

అయితే ‘మాన్పించారు’ విషయంలో నాకొక అభ్యంతరం ఉంది. ప్రేరణ క్రియకు ప్రేరకుడు కావాలి. మాన్పించారు అనగానే మన చూపు తల్లిదండ్రుల మీద పడి, ఇంటి గడప దగ్గరే ఆగుతుంది. ఊళ్లో ఎనిమిది వరకే బడి ఉండి, తొమ్మిదికి ఆరు కిలోమీటర్లు నడవాల్సి వచ్చినప్పుడు ఆ పిల్లను మాన్పించింది తండ్రా, రాని బస్సా? అలాంటివారికి ‘బడికి దూరమైన పిల్లలు’ అన్నదే న్యాయమని నా అభిప్రాయం.



స్పందన: స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసిన సభ్యుడు

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990ల నుంచి చేసిన పనిని ఇక్కడ తలచుకోవాలి. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వారి సూత్రం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా గారు ఆ పనికి నాయకత్వం వహించారు, 2003లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. పేద తల్లిదండ్రులు పిల్లల్ని చదివించాలనే కోరుకుంటారని, ఆ పిల్లల్ని చేర్చుకుని నిలుపుకోవడానికి బడే సిద్ధంగా ఉండదని వారు గట్టిగా వాదించారు. కనుక మీ పాప కాగితం మీద ‘పేదరికం’ మొదటి గీతగా ఉండకూడదు. ఆ మాట రాయగానే, విద్యాశాఖ చేయగలిగింది ఏమీ లేదన్నట్టు ఆలోచన ఆగిపోతుంది.

మొదటి టపా రాసినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. భాషాశాస్త్ర విద్యార్థి గారి అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ‘మాన్పించారు’ అన్న మాట మా అమ్మ విషయంలో అక్షరాలా నిజం, అందరి విషయంలోనూ నిజం కాదు. వీటిలో ఏ ఒక్క మాటా మొత్తం 22 మందికీ సరిపోదని, ఆ మాట కోసం వెతకడమే నా పొరపాటని ఇప్పుడు అనిపిస్తున్నది.

నిన్న అదే కేసును మళ్లీ చేశాము. ఈసారి మా మేనకోడలు కారణాల జోలికి పోకుండా, కాగితం పైన నాలుగు క్రియలు రాసుకుంది: మారారు, నిలిచిపోయారు, మాన్పించారు, దూరమయ్యారు. నన్ను అంకెలు అడిగింది. 8 మంది వేరే బడులకు మారారని, ముగ్గురు తొమ్మిదిలోనే నిలిచిపోయారని చెప్పాను. అంటే నిజంగా చదువు ఆగింది 11 మందికి. ఆ 11 మందిలో ఆరుగురు ఊళ్లో ఉన్నత పాఠశాల లేని ఆడపిల్లలు, ఐదుగురు నాగాలతో మొదలై పనుల్లోకి వెళ్లినవారు అని చెప్పినప్పుడు, అవగాహన సదస్సులు పెట్టాలన్న తన పాత సలహాను తనే కొట్టేసింది. ఆరుగురికి బస్సు సౌకర్యమో, ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే ప్రభుత్వ కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటో చూడాలని, ఐదుగురి విషయంలో వారానికి రెండో నాగా పడిన నాడే ఉపాధ్యాయులు ఇంటికి వెళ్లే ఏర్పాటు కావాలని చెప్పింది. టీచర్ గారూ, ఆ రెండో నాగా మీ దగ్గర నేర్చుకున్నదే.

మా అమ్మ అంతా విని, “ఆ పదకొండు మంది మళ్ల వస్తే యాడ కూసోబెడ్తరు? వాళ్ల ఈడు పిల్లలతోనా, చిన్న పిల్లలతోనా?” అని అడిగింది. చట్టంలో వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ అనే ఏర్పాటు ఉన్నది కానీ అదీ ఎనిమిదో తరగతి చదువు వరకే. ఈ పిల్లలు దాన్ని దాటినవారు. మా మేనకోడలు ఆ ప్రశ్నను ‘ఈడు’ అనే మాటతోనే కాగితం అడుగున రాసుకుంది. వచ్చే ఆదివారం అక్కడి నుంచి మొదలుపెడతాము.