సంజీవదేవ్ గారి ఆత్మకథ చదివినవాళ్ళు కాస్త దారి చెప్పండి

మాది బరంపురం. ఇంట్లో తెలుగే, కానీ నా చదువంతా ఒడియా మీడియం. అమ్మ నేర్పితే తెలుగు చదవడం వచ్చింది, అదీ కూడబలుక్కుంటూ. ఇప్పుడు అమ్మకి అక్షరాలు ఆనడం లేదు. అందుకని సాయంత్రాలు రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ గారి ఆత్మకథ 'తెగిన జ్ఞాపకాలు' నేనే పైకి చదువుతున్నాను.

చిక్కల్లా వరస దగ్గరే. హిమాలయాలు, కులూ లోయలో నగ్గర్, అక్కడ రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్, ఆ వెంటనే ఏదో ఆలోచన, కలలో నడిచినట్టు ఉంటుంది. నాకైతే ఆ తిరుగుడే ఇష్టం. అమ్మ మాత్రం "ఈయన ఇంటికెప్పుడు వెళ్తాడే? వాళ్ళమ్మ ఎదురుచూడదూ?" అంటుంది. పేరులోనే 'తెగిన' అని ఉంది కదమ్మా అంటే ఒప్పుకోదు. ఆయన 1914లో పుట్టారు కాబట్టి అక్కడినుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఏ వయసులో ఎక్కడున్నారో ఊహిస్తున్నాం. సగంసార్లు తప్పుతోంది.

మీలో ఎవరైనా చదివేటప్పుడు ఊళ్ళూ సంవత్సరాలూ వరసగా రాసుకున్నారా? ఉంటే పంచుకోగలరా? లేక ఆ లెక్కలు మానేసి నచ్చిన పేజీ తీసి చదవడమే మేలా?

ఇంకొకటి. ఆయన ఆత్మకథలోని మిగతా భాగాలు 'స్మృతి బింబాలు', 'గతంలోకి' కూడా దీనితో కలిపి 'తుమ్మపూడి' అని ఒకే పుస్తకంగా వచ్చింది కదా, అది ఇప్పుడు కొనడానికి దొరుకుతోందా? మా వీధుల్లో తెలుగు మాటలు వినిపిస్తాయిగానీ తెలుగు పుస్తకం దొరకడం కష్టం. వచ్చే నెల విశాఖ వెళ్తున్నాను, అక్కడ ఏ షాపులో అడగాలో చెప్పినా చాలు. అక్షరాలు కాస్త పెద్దవైతే అమ్మ కూడా ప్రయత్నిస్తానంటోంది.