టోషెంట్‌కి తెలుగు మాట: "అన్ని" దగ్గర ఇరుక్కున్నా

నిన్న రాత్రి ఉప్పల్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి "మామా, టోషెంట్‌ని తెలుగులో ఏమంటరు?" అన్నాడు. నాకేమీ తట్టలేదు.

తెలియనివాళ్ళకి లెక్క ఇదీ. 9 తీసుకోండి. 9 కన్నా చిన్నవై, 9తో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 1, 2, 4, 5, 7, 8, అంటే ఆరు. ఆ ఆరే 9కి టోషెంట్. ఆ 6కి మళ్ళీ ఇదే లెక్క వేస్తే 2, 2కి వేస్తే 1. ఇప్పుడు 6, 2, 1 కలపండి, 9 మళ్ళీ వచ్చి కూర్చుంటుంది! 3, 9, 15, 27, 39... ఇవన్నీ అలాంటివే, 3కి ఘాతాలైతే (3, 9, 27, 81...) ఒక్కటీ తప్పకుండా అన్నీ. ఇంగ్లీషులో వీటిని పర్ఫెక్ట్ టోషెంట్ సంఖ్యలంటారు. 1975లో వెంకటరామన్ అనే గణితవేత్త ఇంకో గుంపు చూపించారు: 3 ఘాతాన్ని 4తో గుణించి 1 కలిపితే ప్రధాన సంఖ్య వస్తే, దానికి మూడింతలు ఈ రకమే (37 నుంచి 111 అలాగే వస్తుంది).

అసలు టోషెంట్ అన్న మాట 1879లో సిల్వెస్టర్ అనే ఇంగ్లీషు గణితవేత్త పుట్టించాడు. లాటిన్‌లో కోషెంట్‌కి (భాగఫలానికి) మూలం "ఎన్నిసార్లు", టోషెంట్‌కి మూలం "అన్నిసార్లు". మన ఎ-, అ- జంటలాగే అక్కడా జంట ఉందన్నమాట, నాకు భలే ముచ్చటేసింది. అందుకే "అన్నిక" అందామనుకున్నా, ఎలా ఉంది?

— అన్నా, "అన్ని" అంటే "మొత్తం" అని కూడా కదా. "అన్ని సంఖ్యలు" అంటే ఏ అర్థం తీసుకోవాలె? పైగా అన్నిక అంటే ఎన్నికలకి తమ్ముడిలా ఉంది.

— ఎన్నిక కూడా "ఎన్ను" నుంచే అండీ, లెక్కపెట్టడమే. కాబట్టి తమ్ముడైనా తప్పులేదు. కానీ "పరిపూర్ణ అన్నిక" అనకండి, పరిపూర్ణ సంఖ్యలని 6, 28లకి ఇప్పటికే వాడుతున్నాం, పక్కనే పూర్ణ సంఖ్యలు, పూర్ణాంకాలు కూడా ఉన్నాయి, పిల్లలు ఎక్కడ చస్తారు?

నిజమే. అయితే పర్ఫెక్ట్ తీసేసి "మొదటికొచ్చే సంఖ్యలు" అంటే?

— వ్యవహారం మొదటికొచ్చిందంటే చెడిపోయిందని కదండీ అర్థం!

చెడితే చెడనీండి, మావాడికి నచ్చింది. ఇప్పుడే 15 వేసి చూసి పంపాడు: 8, 4, 2, 1, "మొదటికొచ్చింది మామా" అని.